చెట్టుకు పెట్టిన చెవి

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్లు దిగి, పిల్లర్ పక్కనున్న కొబ్బరిబోండాల బండి దాటబోతూ టక్కున ఆగిపోయాను. బండివాడు నాలుగైదు రోజులుగా కొట్టిపారేసిన బోండాల డొక్కలన్నీ వెనకాల గుట్టపోసి ఉంచాడు, నిన్నటి వానకి అవి నానిపోయాయి, ఇవాళ మధ్యాహ్నం కాసిన ఎండకి ఆ గుట్టలోంచి పులిసిన వాసన ఒకటి లేస్తోంది, కల్లు కంపులా ఉంటూనే అడుగున ఎక్కడో కాస్త తీపి తగిలే వాసన. చుట్టూ కోచింగ్ సెంటర్లు వదిలిన పిల్లలు, చీరల షాపుల ముందు బేరాలాడే ఆడవాళ్ళు, "ఒక్కరే, ఒక్కరే" అని అరిచే ఆటోవాళ్ళు, ఇంతమందిలో ఒక్కరి ముక్కుకీ ఆ వాసన పట్టినట్టు లేదు. నాకు మాత్రం అరచేతులు చల్లబడ్డాయి. నలభై దాటిన మనిషిని, చేతిలో మేనకోడలి పుట్టినరోజు కేకు డబ్బా పట్టుకుని ఉన్నదాన్ని, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని ఆ జనం మధ్యలో తొమ్మిదేళ్ళ పిల్లలా నిలబడిపోయాను.

నాకు భయం ఎక్కువ. దాచుకునేదేం లేదు, మా ఇంట్లో అందరికీ తెలిసిందే. లిఫ్టు ఎక్కాలంటే భయం, గాలి కొడితే భయం, ఎవరైనా రెండుసార్లు దగ్గితే భయం. మా అన్నయ్య నాకు పెట్టిన పేరు పిరికిపంతులు. పెట్టనీ, వాడికేం తెలుసు, ఆ భయమంతా మొదట వాడి గురించే పుట్టిందని.

అప్పట్లో మాది ఎల్‌బీ నగర్ చౌరస్తా దాటి వనస్థలిపురం వైపు వెళ్తుంటే లోపలికి ఉండే ఓ కాలనీ. కాలనీ అనడమే గానీ సగం ప్లాట్లలో తుమ్మకంపలు, మిగతా సగంలో ఒంటి అంతస్తు ఇళ్ళు, వాటి మధ్య మొరం రోడ్లు. ఎండాకాలం ఆ రోడ్ల మీద లేచిన ఎర్రదుమ్ము ఆరేసిన బట్టల మీదా, ఎండబెట్టిన వడియాల మీదా, మా కనుబొమల మీదా కూడా పేరుకునేది. వానాకాలం అదే దుమ్ము ఎర్రనీళ్ళై గడపదాకా వచ్చేది. చలి మొదలయ్యే రోజుల్లో అబ్దుల్లాపూర్‌మెట్ వైపు నుంచి ఆడవాళ్ళు సీతాఫలాల గంపలు నెత్తిన పెట్టుకుని వచ్చి, ఒక్కో గుమ్మం ముందూ కూర్చుని, అమ్మినంతసేపూ ఊరి కబుర్లు చెప్పి పోయేవారు. మా నాన్నది గవర్నమెంటాఫీసులో గుమాస్తా ఉద్యోగం. కోనసీమ నుంచి బదిలీ మీద వచ్చి, అప్పుచేసి రెండు గదుల ఇల్లు కట్టుకుని ఇక్కడే ఉండిపోయాడు. ఆయనతోపాటు వాళ్ళమ్మ, మా మామ్మ, కూడా వచ్చింది, వస్తూ వస్తూ గోనెసంచిలో కాలవ ఒండ్రుమట్టి తెచ్చుకుంది. "ఈ రాళ్ళల్లో ఏం మొలుస్తుందర్రా" అని ఆవిడ బాధ.

మా ఇళ్ళల్లో బిడ్డ పుడితే కొబ్బరిమొక్క పాతుతారు. మూరెడు లోతు గొయ్యి తీసి, అడుగున గుప్పెడు ఉప్పు చల్లి, బారసాల నాడు బిడ్డకి పోసిన స్నానం నీళ్ళు ఆ కుదుట్లోనే వంపుతారు. అక్కడినుంచి అది ఆ బిడ్డ చెట్టే. ఏటా పుట్టినరోజున తలంటు కాగానే తన చేత్తో తనే బిందెడు నీళ్ళు పోయాలి, మానుకి పసుపు రాసి బొట్టు పెట్టాలి, పాయసమైనా కొబ్బరి లౌజైనా మొదటి ముద్ద చెట్టు మొదట్లో పెట్టాకే నోట్లో వేసుకోవాలి. "చెట్టు పచ్చగా ఉంటే మనిషి పచ్చగా ఉంటాడు" అనేది మామ్మ. ఆ మాట ఆవిడ ముద్దుగా అనేది గానీ, నేను దాన్ని అచ్చంగా లెక్కల పుస్తకంలో సూత్రం నమ్మినట్టు నమ్మాను. ఇంటి ముందు గేటు పక్కన ఉన్నది నా చెట్టు. వెనక దొడ్లో, ప్రహరీకి ఆనుకుని, నాకంటే మూడేళ్ళు పెద్దయిన అన్నయ్య చెట్టు.

ఆ చెట్టు కిందే మేం కిరాయికిచ్చిన రేకుల గది ఉండేది. అందులో నల్గొండ వైపు పల్లెనుంచి వచ్చిన యాదగిరి బాబాయ్, ఆయన భార్య అండాలు, నా ఈడుదే వాళ్ళ కూతురు సుజాత ఉండేవాళ్ళు. యాదగిరి బాబాయ్ ఊళ్ళో తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు. ఒకసారి నడుముకి కట్టుకునే మోకు జారి నడుం పట్టేశాక చెట్టెక్కడం మానేసి, ఎల్‌బీ నగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా ఆటో తోలేవాడు. అండాలు పిన్ని గిన్నె అడుగున వత్తి కాల్చే సర్వపిండి వాసన వస్తే నేను మా ఇంట్లో కంచం ముందునుంచి లేచిపోయేదాన్ని. సుజాత మా మామ్మ చేసే కొబ్బరికాయ మామిడికాయ పచ్చడి కోసం వేలు నాక్కుంటూ మా వంటింటి గడపమీద కూర్చునేది. మా అమ్మ "ఎలా ఉన్నావు" అంటే అండాలు పిన్ని "ఎట్లుంట, గిట్లనే ఉన్న" అనేది, ఇద్దరూ నవ్వుకునేవారు. ఆ గదిలో కిటికీ కింద వేసిన నులకమంచం మీద నేనూ సుజాతా ఎన్ని మధ్యాహ్నాలు గవ్వలాడుకున్నామో లెక్కలేదు.

అసలు తప్పు జరిగింది మా చిన్నత్త పెళ్ళికి. శ్రావణమాసం, వీధంతా బురద. నాన్న టెంటు హౌసు నుంచి షామియానా తెప్పిస్తానంటే మామ్మ ఒప్పుకోలేదు. పచ్చి కొబ్బరాకుల పందిరి లేకుండా మా వంశంలో ఎవరి పెళ్ళీ కాలేదంది. మా ప్రాంతంవాడే ఒకతను దొరికితే పిలిపించి, అన్నయ్య చెట్టు చుట్టూ ఉన్న పచ్చిమట్టలు ఏడో ఎనిమిదో మొదలంటా నరికించింది. నా చెట్టు మీద మాత్రం రెండే కొట్టించి వదిలేసింది, అది గేటుకి అందం కదా.

ఆటో తుడుచుకుంటూ చూస్తున్న యాదగిరి బాబాయ్ ఉండబట్టలేక దగ్గరికొచ్చాడు.

"పెద్దమ్మా, పచ్చి మట్ట గట్ల మొదలంట నరకొద్దు. ఆ వాసనకు పురుగొస్తది. కొయ్యాల్నంటె రెండు మూరలు ఇడిసిపెట్టి కొయ్యాలె."

మామ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని ఆయన్ని ఎగాదిగా చూసింది. "కోనసీమ దానికి కొబ్బరిచెట్టు సంగతి నువ్వు చెబుతున్నావా నాయనా? నువ్వెక్కింది తాడిచెట్లు. నీకేం తెలుసు?"

"తాడైనా కొబ్బరైనా పురుగుకు ఒక్కటే పెద్దమ్మా" అని ఆయన తల గోక్కుంటూ వెళ్ళిపోయాడు. పందిరి బ్రహ్మాండంగా కుదిరింది. కొత్త మట్టల వాసన, వాన వాసన, బూరెలు వేగే వాసన కలిసి ఆ మూడు రోజులూ ఇల్లు మా ఊరైపోయిందని మామ్మ మురిసిపోయింది. మేం పిల్లలం కొబ్బరాకుల్తో బూరలూ చిలకలూ చేసుకుని ఆడుకున్నాం. చెట్టు మీద నరికిన చోట్ల ఊరిన జిగురు మీద ఏవో ఎర్రటి పురుగులు వాలితే, ముక్కు పొడుగ్గా ఉందే అని నవ్వుకున్నాం కూడా.

ఆ మరుసటి వేసవి సెలవుల్లో దాగుడుమూతలాట. దొంగ నేను. అన్నయ్య చెట్టుకి మొహం ఆనించి, కళ్ళు మూసుకుని, ఒకటీ రెండూ లెక్కపెడుతున్నాను. ఇరవై దాటాక చెవి మానుకి అతుక్కుంది. లోపల ఎవరో నములుతున్నారు. పక్కగదిలో కూర్చుని మరమరాలు నములుతున్నట్టు కరకరా, కాసేపాగి మళ్ళీ కరకరా. నేను లెక్క ఆపేశాను. మొహం తీస్తే చప్పుడు లేదు, పెడితే ఉంది. దాక్కున్న చోటునుంచి సుజాత "అయిపోయిందా?" అని అరుస్తోంది. చెట్టు లోపల ఒక నోరుంది, అది తింటోంది.

పరిగెత్తుకెళ్ళి మామ్మని చెయ్యిపట్టి లాక్కొచ్చాను. ఆవిడకి అప్పటికే చెవుడు, ఎదురుగా నిలబడి గట్టిగా చెబితే తప్ప, పాలవాడు గేటు బద్దలు కొట్టినా వినపడేది కాదు. నా మాట కాదనలేక చెట్టుకి చెవి ఆనించి, కళ్ళు మూసుకుని, శ్రద్ధగా విని, "ఏం లేదే చిట్టీ, గాలి" అంది. ఆకు కదలడం లేదు. గాలెక్కడిది?

వారం తిరక్కుండా అన్నయ్యకి జ్వరం వచ్చింది. రెండు రోజులకి జ్వరం తగ్గి కళ్ళు పసుపు తిరిగాయి. కామెర్లన్నారు. డాక్టరు మందులిచ్చాడు. నూనె, పసుపు, కారం బంద్. వాడికి చప్పిడి మజ్జిగన్నం. నాన్న కష్టపడి సంపాదించిన చెరుకురసం కూడా వాంతి చేసుకునేవాడు. పన్నెండేళ్ళ వాడు, పొద్దస్తమానం గోడలెక్కే వాడు, మంచానికి అంటుకుపోయి కప్పుకేసి చూస్తుండేవాడు. సరిగ్గా ఆ వారమే, పెరట్లో చెయ్యి కడుక్కుంటూ తలెత్తి చూస్తే, వాడి చెట్టుకి మొవ్వులో ఆకులు పసుపుపచ్చగా మారి ఉన్నాయి. అన్నయ్య కళ్ళూ ఆ ఆకులూ ఒకటే రంగు.

ఆ రంగు మామ్మ కూడా చూసింది. చూసి, గబగబా పోయి బిందెడు నీళ్ళు తెచ్చి చెట్టు మొదట్లో పోసి, పసుపు రాసి, మానుని రెండు చేతులా వాటేసుకుని ఏడ్చింది. నాన్న చూసి, "చెట్టు పాడైనట్టుందమ్మా, కొట్టించేద్దాం, కింద రేకుల గదుంది" అన్నాడు. మామ్మ అంత గట్టిగా అరవడం నేనెప్పుడూ వినలేదు. "నా మనవడు లేచి తిరిగేదాకా ఈ చెట్టు మీద కత్తి పెట్టారో, ముందు నన్ను నరకండి!"

అంతే, నాకు లెక్క తేలిపోయింది. లోపల పురుగుందని చెబితే చెట్టు కొట్టేస్తారు. చెట్టు కొట్టేస్తే అన్నయ్య చచ్చిపోతాడు. కాబట్టి చెప్పకూడదు.

రెండు రోజుల తర్వాత పొద్దున్నే యాదగిరి బాబాయ్ ఆటో స్టార్ట్ చెయ్యబోతూ ఆగి, చెట్టు పైకి చాలాసేపు చూశాడు. ఆయనకీ వినికిడి అంతంతమాత్రమే, ఏళ్ళ తరబడి ఆటో ఇంజను మీద కూర్చున్నాడు కదా. నేను పళ్ళు తోముకుంటున్నాను.

"బిడ్డా, నువ్వు గీడనే ఆడుతుంటవు గద. చెట్టు లోపట ఏమన్న సప్పుడు ఇనవడ్డదా? నమిలినట్టు?"

నోట్లో నురుగుతో తల అడ్డంగా ఊపాను. ఆయన నమ్మనట్టు ఇంకోసారి అడిగాడు. "లేదు బాబాయ్, ఏం వినపడలేదు" అన్నాను. చిన్నప్పుడు అబద్ధాలు చాలానే ఆడాను, చక్కెర డబ్బా గురించీ, పోగొట్టుకున్న పెన్నుల గురించీ. అవన్నీ మర్చిపోయాను. ఇది మాత్రం నోట్లో నురుగు రుచితో సహా గుర్తుంది.

ఇక ఆ నెలంతా నేను పడ్డ అవస్థ పగవాళ్ళకి కూడా వద్దు. మధ్యాహ్నం తిండి తిని అందరూ నడుం వాల్చగానే చప్పుడు కాకుండా దొడ్లోకి పోయి చెవి పెట్టేదాన్ని. చప్పుడు పెరుగుతోంది. మొదట్లో ఒకచోటే వినపడేది, తర్వాత నా తల పైనా, నడుం దగ్గరా, నాలుగు చోట్ల. మానుకి సన్నటి బొక్కలు పడ్డాయి, వాటిలోంచి ఎర్రటి జిగురు, నమిలి ఉమ్మేసినట్టు పీచు, దాంతోపాటు ఆ పులిసిన వాసన. తడిమట్టి ముద్దలు చేసి ఆ బొక్కలన్నీ పూడ్చాను. ఒక బొక్క పెద్దదని, మోకాలి దెబ్బకి అమ్మ తెచ్చిన ప్లాస్టరు దానిమీద అంటించాను. తెల్లారి చూస్తే మట్టి రాలిపోయి కొత్త పీచు బయటికొచ్చి ఉండేది. ప్లాస్టరు మాత్రం అలాగే ఉండేది. అక్కడినుంచి లోపలికి పరిగెత్తి అన్నయ్య పక్కన పడుకుని, వాడి ఊపిరి వస్తోందా లేదా అని చూసేదాన్ని. వాడు కొంచెం బాగుంటే చెట్టు కూడా బాగుపడుతుందేమోనని ఆశ. చెట్టు ఇంకో ఆకు వాలిస్తే ఆ పూట నాకు అన్నం దిగేది కాదు. అమ్మ "ఈ పిల్లకి కూడా ఏదో వచ్చేలా ఉంది" అని నుదురు తాకి చూసేది.

ఆ భయంలో నాకు తట్టనిది ఒకటే. ఆ చెట్టు కింద రేకులున్నాయి. రేకుల కింద సుజాత ఉంది.

అది తట్టింది గాలిదుమారం లేచిన రోజున. రోహిణికార్తె చివర, మూడు గంటలప్పుడు, ఉన్నట్టుండి ఎండ మాసిపోయి తుమ్మకంపల వైపునుంచి ఎర్రగా దుమ్ము లేచింది. అమ్మ బట్టలకోసం మేడమీదకి పరిగెత్తింది. మామ్మ దేవుడిగదిలో ఉంది. నేను అన్నయ్య మంచం పక్క కిటికీలోంచి చూస్తున్నాను. మొదటి గాలికి చెట్టు తల ఊగింది. రెండో గాలికి మాను ఊగలేదు, తల ఒక్కటే ఊగింది, మెడ విరిగిన బొమ్మ తల ఊగినట్టు. దాని కింద గది తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల అండాలు పిన్ని బియ్యం చెరుగుతున్న చాట చప్పుడు, సుజాత ఏదో అంటున్న గొంతు.

నేను అన్నయ్యని చూశాను. వాడు నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. ఇప్పుడు వెళ్ళి చెబితే వీడు పోతాడు. చెప్పకపోతే సుజాత పోతుంది. తొమ్మిదేళ్ళ బుర్రకి అంతకంటే దారి కనపడలేదు. ఏడుస్తూనే దొడ్లోకి ఉరికాను. ఎలా ఉరికానో, ఎందుకు ఉరికానో ఈరోజుకీ నాకు తెలియదు, కాళ్ళే ఉరికాయి.

"సుజాతా! బయటికి రా! పిన్నీ, చెట్టులో పురుగుంది, నేను విన్నా, అబద్ధం చెప్పా, రండి, రండి!"

సుజాత చెయ్యి పట్టి లాగాను. చాట ఎగిరిపోయి బియ్యం నేలపాలయ్యాయి. అండాలు పిన్ని "ఏందే, ఏమైందే పిల్లా" అంటూ మా వెనకే వచ్చింది. మేం మా వంటింటి గడపదాకా వచ్చామో లేదో, కిర్రుమంది, ఆ తర్వాత రేకులు పగిలిన మోత. దుమ్ము తగ్గాక చూస్తే చెట్టు తల మొత్తం, మట్టలూ గెలలూ పిందెలతో సహా, గదిలో పడి ఉంది. కిటికీ కింద మంచం లేదు, కోళ్ళు విరిగి చాపలా పరుచుకుపోయి ఉంది. అండాలు పిన్ని సుజాతని గుండెకి అదుముకుని అక్కడే కూలబడి, దాని తల నిమురుతూ ఉండిపోయింది.

నేను అక్కడ ఆగలేదు. లోపలికి పరిగెత్తి, చెట్టుకి నెలరోజులుగా పెట్టిన చెవినే అన్నయ్య గుండెమీద పెట్టాను. లోపల దడదడ వినపడింది. ఇంకా గట్టిగా ఆనించాను.

"జరగవే పిరికిపంతులూ, ఉక్కపోస్తోంది" అన్నాడు వాడు కళ్ళు తెరవకుండానే. అంత తిట్టు తిన్నా నాకు అంత హాయి ఎప్పుడూ కలగలేదు. వాడి చొక్కా తడిసేలా ఏడ్చాను.

సాయంత్రం యాదగిరి బాబాయ్ వచ్చి గది చూశాడు, మంచం చూశాడు. గొడ్డలి తీసుకుని మిగిలిన మానుని కొట్టి రెండుగా చీల్చాడు. లోపల చెక్క లేదు. పీచుతో చుట్టుకున్న గూళ్ళు, వాటిలో బొటనవేలంత తెల్లటి పురుగులు మెలికలు తిరుగుతున్నాయి, పెళ్ళినాడు మేం చూసి నవ్వుకున్న పొడుగు ముక్కు ఎర్రపురుగులు పాకుతున్నాయి. వీధివాళ్ళంతా పోగయ్యారు. "మీ ఆంధ్రోళ్ల చెట్లు, మీ ఆంధ్రోళ్ల పురుగులు" అన్నారెవరో. యాదగిరి బాబాయ్ వాళ్ళని కసిరి, నా ముందుకొచ్చి గొంతుక్కూర్చున్నాడు. కొడతాడనుకుని కళ్ళు మూసుకున్నాను.

"ఎందుకు చెప్పలే బిడ్డా?"

"చెబితే కొట్టేస్తారుగా" అన్నాను.

"పిచ్చిపిల్ల. అప్పుడే చెప్పినుంటె బొక్కలల్ల మందు పోసి బతికిస్తుంటి. పురుగు తలకెక్కినంక ఏం జేస్తం?"

ఆ మాట నాలో ఎక్కడో దిగబడిపోయింది. నేను నోరు మూసుకుని కాపాడాననుకున్నదాన్ని నోరు మూసుకునే చంపాను.

అన్నయ్య జూన్‌లో బడికి వెళ్ళాడు. కళ్ళు తెల్లబడ్డాయి, మళ్ళీ గోడలెక్కాడు, మొండెం లేని ఆ మోడు మీద కూర్చుని బత్తాయి తొనలు తినేవాడు. మామ్మ మాత్రం ఆ తర్వాత కొబ్బరిచెట్టు గురించి ఎవరితోనూ వాదించలేదు. ఆ ఏడాది వాడి పుట్టినరోజున మోడు మొదట్లోనే బిందెడు నీళ్ళు పోస్తూ, "మొదలంటా నరికించింది నేనేనర్రా. ఆ అబ్బాయి చెబుతూనే ఉన్నాడు" అంది, ఎవరూ అడక్కుండానే. రెండేళ్ళలో నా చెట్టూ పోయింది. అప్పుడు వినగానే చెప్పాను, మందు పోశారు, అయినా దక్కలేదు, చాలా ఆలస్యమైందన్నారు. ఎన్నాళ్ళు బతుకుతానా అని పరీక్షలు రాస్తూ కూడా ఎదురుచూశాను. తర్వాత ఎదురింటి వాళ్ళవి, మూలమీది మేష్టారుగారివి, ఒక్కొక్కటీ మొవ్వు వాల్చి పోయాయి. యాదగిరి బాబాయ్ వాళ్ళు అబ్దుల్లాపూర్‌మెట్ వైపు ఎక్కడో ఇల్లు వేసుకుని వెళ్ళిపోయారు. సుజాత ఎక్కడుందో తెలియదు. ఇప్పుడా స్థలంలో అయిదంతస్తుల అపార్ట్‌మెంటు ఉంది, గేటు దగ్గర కుండీల్లో షోకు చెట్లున్నాయి. ఆ వీధిలో ఈ చివరినుంచి ఆ చివరికి నడిస్తే ఒక్క కొబ్బరాకు చప్పుడు కూడా వినపడదు. చిన్నప్పుడు అది వాన చప్పుడేమోనని రోజుకి రెండుసార్లు మోసపోయేవాళ్ళం.

బండివాడు "బోండాం ఇయ్యాల్నా మేడమ్?" అనడంతో తేరుకుని బస్సెక్కాను. అన్నయ్య ఇల్లు బడంగ్‌పేట్‌లో. పదేళ్ళ కిందట వాడికి కూతురు ఆద్య పుట్టినప్పుడు, నేను వద్దు వద్దంటున్నా వినకుండా వాకిట్లో కొబ్బరిమొక్క పాతాడు. "మామ్మ పోయింది, అలవాటైనా ఉండనివ్వవే" అన్నాడు. ఆరోజునుంచీ ఆ ఇంటికి ఎప్పుడు వెళ్ళినా చెప్పులు విడవకముందే చెట్టుకి చెవి పెట్టడం నాకలవాటు. అది చూసి ఆద్య పకపకా నవ్వి, నాకు ఎదురుగా నిలబడి తనూ చెవి పెట్టేది.

ఇవాళా అలాగే పెట్టాను. తలెత్తితే నరికిన మట్టల మొదళ్ళు కనపడ్డాయి. వానలు మొదలైనప్పుడు కరెంటు తీగలకు తగులుతున్నాయని ఎవరో వచ్చి కొట్టేసిపోయారట. చెవి మార్చి మార్చి విన్నాను. ఏమీ లేదు. కానీ నాకు రెండేళ్ళుగా ఎడమ చెవి సరిగ్గా పనిచెయ్యడం లేదు, కుడిదీ అంతంతమాత్రం. మామ్మ గుర్తొచ్చింది.

ఆద్య మెట్టు మీద కొత్త గౌనులో కూర్చుని ఉంది. నవ్వడం లేదు. ఈసారి నాతో చెవి పెట్టడానికి రాలేదు.

"అత్తా, ఏమన్నా వినపడిందా?"

"లేదమ్మా."

అది హమ్మయ్య అని ఊపిరి వదిలింది. పుట్టినరోజు పిల్ల ఎందుకంత ఊపిరి బిగబట్టింది? వంగి మాను కిందివైపు చూశాను. ఆద్య భుజమంత ఎత్తున, తడిమట్టి ముద్ద ఒకటి అద్ది ఉంది. పక్కనే ఇంకోటి. వాటి మధ్య బొమ్మల బ్యాండ్‌ఎయిడ్ అంటించి ఉంది. దగ్గరికి ముక్కు పెడితే ఆ పులిసిన వాసన.

మెట్టు మీద దాని పక్కన కూలబడ్డాను.

"ఎప్పట్నుంచే తల్లీ?"

ఆద్య గౌను అంచు నలుపుకుంది. "వినాయకచవితి నుంచి" అంది. "నాన్నకి చెప్పకు అత్తా. చెబితే కొట్టేస్తారు. ఇది పచ్చగా ఉంటేనే నేను పచ్చగా ఉంటానని నాన్నే చెప్పాడు."

లోపల అన్నయ్య కేకు కొయ్యడానికి చాకు ఎక్కడ పెట్టావని వదినని అడుగుతున్నాడు. ఆద్య చెయ్యి పట్టుకున్నాను. మంచుముక్కలా ఉంది. నా చెయ్యేం వెచ్చగా లేదు.

"చెబితే కొట్టెయ్యరే. చెప్పకపోతేనే కొట్టేస్తారు. నాకు తెలుసు."

అది నా మొహంలోకి చూసింది. నమ్మాలా వద్దా అని చూస్తోంది. నేను దాన్ని లేపి, చెట్టు దగ్గరే నిలబెట్టుకుని, తొమ్మిదేళ్ళప్పుడు పెట్టాల్సిన కేక ఇప్పుడు పెట్టాను.

"అన్నయ్యా! చాకు తర్వాత వెతుకుదువుగాని, ముందు నువ్వొకసారి బయటికి రా!"